రోడ్డు బాగుపడేదాకా ఆగాలా, ఇప్పుడే తొక్కాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. ఇంటి నుంచి ఆఫీసుకి ఏడు కిలోమీటర్లు, అందులో సగం పెద్ద రోడ్డు. రెండు రోజులు సైకిల్ మీద వెళ్లారు. రెండో రోజు ఒక బస్సు మోచేతికి తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది. అప్పటినుంచి సైకిల్ ఇంట్లోనే ఉంది. పెద్ద రోడ్డు మీద సైకిల్ ట్రాక్ వేయమని అర్జీ పెట్టారు, ఆరు నెలలైనా జవాబు లేదు. ఇంట్లోవాళ్లు ఇక వద్దంటున్నారు. రోడ్లు బాగుపడేదాకా ఆగాలా, లేక ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టాలా, అసలు ఇది నా పిరికితనమేనా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా పనికి సైకిల్ మీదే వెళ్తున్నాను. అందులో పన్నెండేళ్లు సైకిల్ తొక్కేవాళ్ల తరఫున రోడ్ల ఇంజినీర్ల చుట్టూ, మీటింగుల చుట్టూ తిరిగాను. నా సమాధానం ఇది: ఆగొద్దు, కానీ ఆ పెద్ద రోడ్డు మీద ధైర్యం చేయొద్దు. మీకు కలిగిన భయాన్ని అణచుకోకండి. అది ఎక్కడ, ఏ మలుపు దగ్గర, ఏ కారణంగా కలిగిందో రాసి పెట్టుకోండి. మీ దారి వెతుక్కోవడానికీ, రేపు అర్జీ మళ్లీ పెట్టడానికీ అదే పనికొస్తుంది.

భయం ఎందుకు సబబో ముందు చెప్తాను. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు కదులుతుంది. ముందు ఏదో అడ్డం వచ్చిందని గమనించి బ్రేకు తొక్కేసరికి డ్రైవరుకి ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 14 మీటర్లు అయిపోయాయి. అదే కారు 30లో వస్తే, గమనించడం, బ్రేకు వేయడం, పూర్తిగా ఆగిపోవడం అన్నీ కలిపి పొడి రోడ్డు మీద 13, 14 మీటర్లలో అయిపోతాయి. ఒక కారు ఆగిపోయిన చోటికి రెండో కారు ఇంకా పూర్తి వేగంతోనే వస్తోందన్నమాట. పైగా దెబ్బలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 50లో తగిలితే 30లో తగిలినదానికి దాదాపు 2.8 రెట్లు. పెద్ద రోడ్డు మీద మీ ఒళ్లు జలదరించిందంటే అందులో పిరికితనం ఏమీ లేదు. మీ శరీరం ఈ లెక్కని మీకంటే ముందే చేసేసింది.

కాబట్టి మొదటి పని దారి వెతకడం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మోటారు బండి మీద వెళ్లే దారినే సైకిల్ మీద కూడా వెళ్లాలనుకుంటారు. బండి మీద వెళ్లేటప్పుడు మనకి వెడల్పు రోడ్లు, తక్కువ మలుపులు కావాలి. సైకిల్‌కి కావాల్సింది వేగంగా వెళ్లే వాహనాలు తక్కువగా ఉండే వీధులు. సెలవు రోజు పొద్దున్నే ఏ తొందరా లేకుండా బయల్దేరండి. పెద్ద రోడ్డుకి రెండు వైపులా ఉన్న వీధులన్నీ తిరిగి చూడండి. ఏ సందు ఎక్కడ తేలుతుందో మ్యాపులో కనిపించనివి బోలెడు ఉంటాయి. బడి వెనక గేటు పక్కనుంచి, పార్కు అంచున, కాలువ గట్టు మీద ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుంది. ఏడు కిలోమీటర్లు ఎనిమిదిన్నర కావచ్చు. మెల్లగా తొక్కినా అదనంగా పట్టేది ఆరు నిమిషాలు. నేను మా పాత ఆఫీసుకి వెళ్లే దారిని రెండు నెలల్లో నాలుగుసార్లు మార్చుకున్నాను. చివరికి స్థిరపడిన దారిలో పెద్ద రోడ్డుని దాటాల్సింది ఒక్కచోటే.

ఆ దాటాల్సిన చోట దిగండి. సైకిల్‌ని నడిపించుకుంటూ పాదచారులతో పాటు సిగ్నల్ దగ్గర దాటండి. కొత్తవాళ్లు దీన్ని నామోషీగా అనుకుంటారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను రెండు జంక్షన్ల దగ్గర దిగే దాటుతాను. ఒక నిమిషం పోతుంది, అంతే.

దారి కుదిరాక, రోడ్డు మీద ఎక్కడ ఉండాలన్నది నేర్చుకోవాలి. భయపడ్డవాళ్లు సహజంగా అంచుకి, ఇంకా అంచుకి జరుగుతారు. అంచున గుంతలు, ఇసుక, గాజు పెంకులు, కాలువ మూతలు ఉంటాయి. వాటిని తప్పించడానికి ఒక్కసారిగా పక్కకి తిప్పితే వెనక వచ్చేవాళ్లకి మీరు ఏం చేయబోతున్నారో తెలియదు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి, తిన్నగా, ఒకే గీత మీద వెళ్లండి. రోడ్డు మరీ ఇరుకై, పక్కనుంచి కారు క్షేమంగా దాటే చోటు లేనప్పుడు కాసేపు లేన్ మధ్యలోకి వచ్చేయండి. వెనకవాళ్లు ఆగుతారు. విశాలంగా ఉన్న చోటికి రాగానే పక్కకి జరిగి దారి ఇవ్వండి. ఏ మలుపుకైనా ముందు వెనక్కి తిరిగి చూడండి, చెయ్యి చాపండి. తల తిప్పి చూడటం చెయ్యి చూపడం కంటే ముఖ్యం. మీరు చూశారని తెలిస్తే వెనక డ్రైవరు కూడా మిమ్మల్ని మనిషిగా గుర్తిస్తాడు.

ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు మీటరుకి పైగా ఎడం ఉంచండి. కారు తలుపు తెరిస్తే దాదాపు అంత దూరం బయటికి వస్తుంది. నాకు తగిలిన ఒకే ఒక పెద్ద దెబ్బ అలా తలుపు తగిలి పడిందే. భుజం ఎముక విరిగి రెండు నెలలు ఇంట్లో ఉన్నాను. నెదర్లాండ్స్‌లో డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తెరవడం అలవాటు చేస్తారు. అలా తెరిస్తే ఒళ్లంతా తిరిగి, వెనక ఎవరు వస్తున్నారో కంటికి కనపడుతుంది. మీ ఇంట్లో కారున్నవాళ్లకి ఈ ఒక్క అలవాటు నేర్పండి.

లారీల సంగతి వేరుగా చెప్పాలి. జంక్షన్ దగ్గర లారీగానీ బస్సుగానీ ఆగి ఉంటే దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న సందులోకి ఎప్పుడూ, ఎంత ఖాళీ కనిపించినా దూరకండి. అది మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ పక్కన ఉన్న మనిషి డ్రైవరుకి కనిపించడు. వెనకే ఆగండి. దీనికి మినహాయింపు లేదు.

వాన పడ్డప్పుడు ఇనుప మూతలు, రోడ్డు మీద రంగు గీతలు జారతాయి. వాటి మీద బ్రేకు వేయొద్దు, తిప్పొద్దు. రైలు పట్టాలని ఏటవాలుగా కాకుండా, వీలైనంత లంబకోణంలో అడ్డంగా దాటండి. రిమ్‌ని పట్టే బ్రేకులైతే తడిసినప్పుడు పట్టుకోవడానికి కాస్త ఆలస్యం అవుతుంది, ముందే నొక్కి రిమ్ ఆరేలా చేసుకోండి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. రిఫ్లెక్టర్ ఒక్కటే సరిపోదు, ఎదుటి బండి లైటు దాని మీద పడితేనే అది మెరుస్తుంది.

చెమట గురించి కూడా అడిగారు. ఇది నిజంగా చిన్న సమస్య, కానీ చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుని గంటకి 15 కిలోమీటర్లు వెళ్లడానికి సుమారు 55, 60 వాట్లు చాలు. 20లో వెళ్లాలంటే దాదాపు 100 వాట్లు కావాలి. ఏడు కిలోమీటర్ల దూరంలో దానివల్ల మిగిలేది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల కోసం శ్రమని దాదాపు రెట్టింపు చేసుకుని, చెమటతో ఆఫీసుకి చేరి, మళ్లీ ఆరడానికి పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుంటాం. వెళ్లేటప్పుడు మెల్లగా తొక్కండి. ఊపు కావాలంటే ఇంటికి వచ్చేటప్పుడు తొక్కండి. బ్యాగు వీపు మీద వద్దు, క్యారియర్ మీద కట్టండి. వీపుకి గాలి తగిలితే సగం చెమట ఉండదు.

సైకిల్ విషయంలో కొత్తది కొనాలన్న టెన్షన్ పెట్టుకోకండి, ఉన్నది చాలు. సీటు ఎత్తు మాత్రం చూసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, సరిపోతుంది. మోకాళ్ల నొప్పి అని మానేసినవాళ్లలో చాలామందికి సీటు మరీ కిందకి ఉండటం నేను చూశాను. టైరు పక్కన ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది, వారానికోసారి చూసుకోండి. గాలి తక్కువైతే తొక్కడం కష్టం, గుంతలో పడ్డప్పుడు ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. చైన్ తుడిచి నూనె వేయండి. సైకిల్‌కి తాళం వేసేటప్పుడు చక్రానికి మాత్రమే వేయకుండా, ఫ్రేముతో కలిపి కదలని దేనికైనా వేయండి.

ఇంట్లోవాళ్ల భయానికి మాటలతో జవాబు చెప్పి గెలవలేరు. సెలవు రోజు వాళ్లని మీ కొత్త దారిలో వెంట తీసుకెళ్లండి, నడిచి అయినా సరే. వాళ్ల ఊహలో ఉన్నది ఆ పెద్ద రోడ్డు, ఆ బస్సు. మీరు వెళ్లే వీధులు చూస్తే ఆ బొమ్మ మారుతుంది. హెల్మెట్ పెట్టుకోండి, పడినప్పుడు తలకి మంచిదే. కానీ బస్సు రాసుకుని పోకుండా అది ఆపలేదు. అందుకే సైకిల్ భద్రత అనగానే మాట మొత్తం హెల్మెట్ మీదికి వెళ్లిపోతే నాకు బాధగా ఉంటుంది. రోడ్డు గురించి అడగాల్సిన ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ఇక మీ అర్జీ. నేను పెట్టిన మొదటి అర్జీ కూడా మీ అర్జీ లాంటిదే. సైకిల్ ట్రాక్‌లు కావాలి, అంతే. దానికి ఎవరు జవాబివ్వాలి? ఏ విభాగం, ఏ రోడ్డు, ఎంత పొడవు? అది తీసుకున్న అధికారికి చేయగలిగింది ఏమీ కనిపించదు, పక్కన పెడతాడు. రెండేళ్లు అలాగే పోయాయి.

తర్వాత మాతో తొక్కే ఒక పెద్దావిడ కాలువ మీద ఇనుప జాలీ గురించి చెప్పింది. జాలీ కడ్డీలు వాహనాలు వెళ్లే దిశలోనే ఉండటంతో ఆవిడ ముందు చక్రం సందులో ఇరుక్కుని పడిపోయింది. మేము ఆ రోడ్డంతా నడిచి, అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి ఫొటో తీసి, పక్కన సైకిల్ టైరు పెట్టి చూపించాం. అడిగింది ఒకటే: జాలీలని అడ్డంగా తిప్పి పెట్టండి. మూడు వారాల్లో తిప్పేశారు. ఆ ఇంజినీరు మాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "ఏం చేయాలో చెప్పారు కాబట్టి చేయగలిగాను" అన్నాడు. ఆ తర్వాత అదే మనిషి ఒక మలుపు దగ్గర ఫుట్‌పాత్ అంచుని ముందుకి జరిపి, బండ్లు నెమ్మదించేలా చేయడానికి మాతో కూర్చుని గీతలు గీశాడు.

మీరు రాసిపెట్టుకున్న భయాల పట్టిక ఇక్కడ పనికొస్తుంది. మూడు నెలలు తొక్కాక చూస్తే అందులో రెండు మూడు చోట్లే పదేపదే కనిపిస్తాయి. వాటిలో ఒకటి తీసుకోండి. ఉదయం ఆఫీసు వేళల్లో గంటసేపు నిలబడి ఎన్ని సైకిళ్లు వెళ్తున్నాయో, ఎంతమంది నడిచి దాటుతున్నారో, అందులో బడిపిల్లలు ఎంతమందో లెక్కపెట్టండి. ఒక్క రోజు లెక్క చాలదు, మూడు నాలుగు రోజులు చేయండి. తెల్లవారకముందే పనికి వెళ్లే కూలీలు, పేపరు వేసేవాళ్లు, కాపలా ఉద్యోగులు మీ లెక్కలో పడాలి. సైకిల్ వాళ్లకి చాలాచోట్ల ఇష్టాయిష్టాల మాటే లేదు, వేరే దారి లేక తొక్కుతున్నారు. మీటింగుల్లో వాళ్లు ఉండరు. వాళ్లని లెక్కలోకి తేవడం మన పని.

ఏం అడగాలన్నది కూడా ఆలోచించండి. తెల్ల గీత గీసి సైకిల్ బొమ్మ వేసిన లేన్‌ని నేను అడగను. ఆగి ఉన్న కార్ల పక్కన గీసిన సన్న లేన్ అయితే సైకిల్ వాళ్లని సరిగ్గా తలుపులు తెరుచుకునే చోటికే తోస్తుంది. వేగంగా వాహనాలు వెళ్లే రోడ్డు మీదైతే సైకిళ్లకీ వాహనాలకీ మధ్య గట్టో దిమ్మెలో ఉండాలి, పక్కపక్కన ఇద్దరు వెళ్లేలా రెండు మీటర్ల వెడల్పు ఉండాలి, ముఖ్యంగా జంక్షన్ దగ్గర మాయమైపోకూడదు. ప్రమాదం ఎక్కువగా ఉండేదే అక్కడ. వీధుల్లో ట్రాక్ అక్కర్లేదు. అక్కడ 30 వేగపరిమితి, దానికి తగ్గట్టు స్పీడ్ బ్రేకర్లు, ఇరుకు మలుపులు చాలు. స్పెయిన్ 2021లో ఒక్కో దిశకి ఒకే లేన్ ఉన్న పట్టణ వీధులన్నిటికీ 30 పరిమితి పెట్టింది.

మీరు వెతుక్కున్న సందుల దారిని ఒక ఊరు కావాలనే తయారుచేసింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లో ఊరి నడిబొడ్డుని నాలుగు భాగాలు చేసింది. కార్లు ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తిన్నగా వెళ్లలేవు, బయటి రింగు రోడ్డెక్కి తిరిగి రావాలి. నడిచేవాళ్లు, సైకిళ్లు మాత్రం నేరుగా వెళ్లొచ్చు. దానికి కావాల్సినవి పెద్ద కట్టడాలు కావు, వీధి చివర కొన్ని దిమ్మెలు, వన్‌వే బోర్డులు. మీ దారిలో ఒక గోడకి చిన్న సందు, ఒక వీధి చివర రెండు దిమ్మెలు ఎక్కడ పెడితే పెద్ద రోడ్డు అక్కర్లేకుండా పోతుందో చూడండి. అది అడగడం తేలిక, చేయడం తేలిక.

అదే దేశంలో ఇంకో పాఠం ఉంది. 1970ల మధ్యలో ద హేగ్, టిల్బర్గ్ ఊళ్లలో ఒక్కో మంచి సైకిల్ దారిని ఖర్చుపెట్టి వేశారు. ఆ దారి మీద సైకిళ్లు పెరిగాయి కానీ, పక్క వీధుల్లో వెళ్లేవాళ్లే ఎక్కువగా దాని మీదికి వచ్చారు. ఊరు మొత్తం మీద పెద్ద మార్పు రాలేదు. 1980లలో డెల్ఫ్ట్‌లో తెగిపోయిన దారులని ఒకదానితో ఒకటి కలిపి వలలా చేశారు. అప్పుడు ఊరు మొత్తం మీద సైకిల్ ప్రయాణాలు పెరిగాయి. స్పెయిన్‌లోని సెవిల్ కూడా 2006 నుంచి నాలుగైదేళ్లలో దాదాపు 120 కిలోమీటర్ల వేరుచేసిన దారులని ఒకటిగా కలిపి వేసింది. అంతకుముందు అక్కడ వంద ప్రయాణాల్లో ఒకటి కూడా సైకిల్ మీద జరిగేది కాదు. కొన్నేళ్లలో అది ఎన్నో రెట్లు పెరిగింది. అందుకే "సైకిల్ తొక్కేవాళ్లే లేరు, దారి ఎందుకు?" అని ఎవరైనా అంటే సెవిల్ పేరు చెప్పండి. ఈదేవాళ్లు లేరని వంతెన కట్టడం మానేస్తామా?

"రోడ్డు పన్ను కట్టనివాళ్లకి రోడ్డెందుకు?" అన్న మాట కూడా వింటారు. రోడ్డు అరిగేది బరువు వల్ల. ఇరుసు మీద బరువు రెట్టింపైతే అరుగుదల సుమారు పదహారు రెట్లు అవుతుందని అమెరికాలో 1958 నుంచి 1960 దాకా జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. మనిషితో కలిపి కూడా వంద కిలోలు తూగని సైకిల్ వల్ల రోడ్డుకి జరిగేది లేదనే చెప్పాలి. అసలు అమెరికాలో కార్లు రాకముందే మంచి రోడ్ల కోసం ఉద్యమం నడిపినవాళ్లలో ముందున్నది 1880లో ఏర్పడిన సైకిల్ సంఘమే.

ఒక మనిషి వల్ల ఏమవుతుందని మీరు చివర్లో రాశారు. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. ఇప్పుడు సైకిళ్లకి పేరుపడ్డ ఆ దేశం అప్పుడు కార్ల కోసం వీధులని పడగొడుతోంది. తల్లిదండ్రులు పిల్లల హత్య ఆపండి అనే అర్థం వచ్చే పేరుతో సంఘం పెట్టి, వీధులని మూసి అక్కడ పిల్లలని ఆడించారు. 1973 చివర్లో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు ఆగినప్పుడు, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. వాళ్లలో చాలామంది రోడ్ల నిపుణులు కారు. ఏ వీధిలో ఏం జరిగిందో వాళ్లకి తెలుసు.

ఈ సెలవు రోజు ఆ బస్సు దగ్గరగా వచ్చిన చోటికి సైకిల్ లేకుండా నడిచి వెళ్లండి. అరగంట నిలబడి చూడండి. అక్కడ లేన్ ఇరుకవుతోందా, బస్ స్టాప్ ముందే ఉండి బస్సులు పక్కకి కోస్తున్నాయా, ఆగిన కార్ల వల్ల సైకిళ్లు మధ్యలోకి రావాల్సి వస్తోందా? కారణం తెలిస్తే దాని చుట్టూ ఏ వీధి నుంచి వెళ్లాలో, అక్కడ ఏం మార్చమని అడగాలో రెండూ తేలతాయి. చూసింది ఇక్కడ రాయండి, వీలైతే ఆ చోటి బొమ్మ గీసి పెట్టండి. అర్జీ కలిసి రాద్దాం.